నమలలేని, మింగలేని రోజుల్లో సూప్‌లు, మెత్తని ఆహారం తయారుచేయడం ఎలా

ఆకలి వేస్తున్నా తినలేకపోవడం, గిన్నె ముందుకు రాగానే నోటి మంటనో గొంతు నొప్పినో తలచుకుని మొహం తిప్పుకోవడం ఎంత బాధో అనుభవించినవారికీ, వారి పక్కన కూర్చుని బతిమాలినవారికీ తెలుసు. పన్ను పీకించుకున్నా, దవడకు శస్త్రచికిత్స జరిగినా, కీమోథెరపీ వల్ల నోరు పూసినా, పక్షవాతం తర్వాత గుటక పడకపోయినా ఇంట్లోవాళ్లు మొట్టమొదట చేసే పని ఒకటే: పలుచని సూప్ కాచి ఇవ్వడం. గొంతులోకి వెచ్చగా దిగే ఆ సూప్ హాయినిస్తుంది, కానీ అది చాలామటుకు నీరూ ఉప్పూ మాత్రమే కనుక పొట్ట నిండుతుందే తప్ప ఒంటికి బలం పట్టదు.

మా నాన్నగారికి గొంతు దగ్గర రేడియేషన్ చికిత్స జరుగుతున్న రోజుల్లో నేను వారం పాటు కూరగాయలు ఉడికించి, వడగట్టి, ఆ నీటినే శ్రద్ధగా తాగించాను. పిప్పి అనుకుని పారేసినదాంట్లోనే తిండి అంతా పోయిందని ఆయన బరువు చూసినప్పుడు అర్థమైంది. అందుకే ఈ వంటలో రెండు విషయాలను ఒకదానికొకటి విడదీయకుండా చూడమంటాను. గిన్నెలో ఉన్నది ఆ మనిషి నోటికీ గొంతుకూ సరిపోవాలి, నోట్లోకి వెళ్లే ప్రతి చెంచాలోనూ బలం ఉండాలి.

ముందుగా, ఎందుకు తినలేకపోతున్నారో తెలుసుకోండి

నమలలేకపోవడం, నోరు మండడం, సయించకపోవడం, మింగుడు పడకపోవడం నాలుగూ వేరువేరు ఇబ్బందులు. ఒకదానికి మేలు చేసే గిన్నె ఇంకొకదానికి కీడు చేయవచ్చు కాబట్టి, పొయ్యి వెలిగించే ముందే మీరు ఏ ఇబ్బంది కోసం వండుతున్నారో తేల్చుకోండి.

నమలలేనివారి సంగతి వీటిలో సులువైనది. మెత్తగా ఉడికితే చాలు, రుచుల మీద పెద్దగా ఆంక్షలు ఉండవు. పన్ను పీకించుకున్నవారికి మాత్రం మొదటి రోజు వేడి పదార్థాలు ఇవ్వకండి, కొన్ని రోజుల పాటు స్ట్రాతో ఏదీ పీల్చనివ్వకండి. పీల్చినప్పుడు పుండును కప్పుతూ గడ్డకట్టిన నెత్తురు ఊడిపోయి తీవ్రమైన నొప్పి మొదలవుతుంది. నువ్వుల వంటి సన్న గింజలు ఆ గుంటలో ఇరుక్కుంటాయి కనుక వాటినీ పక్కన పెట్టండి.

నోరు పూసినవారికి పులుపు, కారం, ఎక్కువ ఉప్పు, గరుకుదనం నాలుగూ శత్రువులే. మిరపకాయలోని ఘాటు పదార్థమైన క్యాప్సైసిన్ నోటిలో వేడిని గుర్తించే గ్రాహకాలనే తట్టి లేపుతుంది. మామూలుగా సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దగ్గర స్పందించే ఆ గ్రాహకాలు, వాపూ పుండూ ఉన్నచోట అంతకంటే తక్కువ వేడికే స్పందిస్తాయి. గోరువెచ్చని సూప్ కూడా మండుతోందని రోగి చెబితే అది గారాబం కాదు, నిజంగానే మండుతుంది. మిరియాల ఘాటు కూడా ఇదే దారిలో పనిచేస్తుంది కాబట్టి, మిరపకాయ మానేసి మిరియాలు వేయడం వల్ల మేలేమీ ఉండదు. ఇటువంటివారికి సూప్‌ను పూర్తిగా చల్లార్చి ఇవ్వండి, కొందరికి ఫ్రిజ్‌లో చల్లబడినదే హాయిగా ఉంటుంది. తినే ముందూ తిన్న తర్వాతా లీటరు నీటిలో ఒక టీస్పూను వంటసోడా, ఒక టీస్పూను ఉప్పు కలిపి నోరు పుక్కిలించి ఉమ్మివేయిస్తే కాస్త తెరిపి ఉంటుంది.

సయించకపోవడానికి తరచుగా వాసనే కారణం. వేడి పదార్థం ఎక్కువ వాసన వెదజల్లుతుంది, చల్లనిది తక్కువ. వికారంగా ఉన్నవారికి వంటగదికి దూరంగా కూర్చోబెట్టి చల్లారినదే ఇవ్వండి. నోట్లో లోహపు రుచి తగులుతోందంటే స్టీలు చెంచా తీసేసి చెక్క చెంచా గానీ ప్లాస్టిక్ చెంచా గానీ వాడి చూడండి.

ఇక మింగుడు పడకపోవడం గురించి నేను గట్టిగా చెప్పదలచుకున్నాను. తాగుతున్నప్పుడు పొలమారడం, తిన్న తర్వాత గొంతు తడిగా గరగరమనడం, ముద్ద నోట్లోనే నిలిచిపోవడం, మాటిమాటికీ ఛాతీలో ఇన్ఫెక్షన్ రావడం వంటివి కనిపిస్తే, ఆహారం గానీ నీరు గానీ శ్వాసనాళంలోకి జారుతోందేమోనని అనుమానించాలి. కొందరికి దగ్గు కూడా రాకుండానే జారుతుంది. ఇటువంటి స్థితిలో మనం సులువనుకునే పలుచని ద్రవమే అన్నిటికంటే ప్రమాదకరం, ఎందుకంటే గొంతు మూసుకునేలోపే అది పరుగెడుతుంది. మింగుడు సమస్యలు చూసే స్పీచ్ థెరపిస్టు పరీక్షించి ఎంత చిక్కదనం తగునో చెప్పేవరకు సొంతంగా ప్రయోగాలు చేయవద్దు. అలాగే ఐదు రోజులకు మించి దాదాపు ఏమీ తినని మనిషికి ఒక్కసారిగా కడుపునిండా పెట్టడం వల్ల రక్తంలోని లవణాలు ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఆ తిండి వైద్యుల పర్యవేక్షణలోనే మొదలుకావాలి.

తర్వాత, చిక్కదనాన్ని కొలవడం నేర్చుకోండి

మింగడం కష్టమైనవారి ఆహారాన్ని వర్ణించడానికి ఐడీడీఎస్ఐ అనే అంతర్జాతీయ కొలమానం ఉంది. అందులో 0 అంటే నీరు, 7 అంటే మామూలు భోజనం. మధ్యలో 3 అంటే జారుడుగా ఉండే చిక్కని ద్రవం, 4 అంటే ఉండలు లేని మెత్తని ముద్ద, 5 అంటే సన్నగా తరిగి తడిగా ఉంచినది, 6 అంటే చిన్న ముక్కలుగా మెత్తగా ఉడికినది. వైద్యులు అంకె చెబితే దాన్ని రాసిపెట్టుకోండి, ఎందుకంటే «కొంచెం చిక్కగా» అన్న మాట ప్రతి ఇంట్లోనూ వేరే అర్థాన్నిస్తుంది.

దీన్ని పరీక్షించడానికి ఇంట్లో ఉండే ఫోర్కూ చెంచా చాలు. పదార్థాన్ని ఫోర్కు మీదకు తీసుకుని పైకెత్తండి. పళ్ల సందుల్లోంచి నెమ్మదిగా బొట్లుబొట్లుగా కారితే అది 3వ స్థాయి. పైనే కుప్పగా నిలిచి, కింద చిన్న తోకలా వేలాడి ఆగిపోతే 4వ స్థాయి. ఈ 4వ స్థాయి ముద్దను చెంచాలో తీసుకుని వంచినప్పుడు, కొద్దిగా విదిలిస్తే ముద్దంతా ఒకేసారి జారిపడాలి, చెంచాకు పలుచని పొర తప్ప ఏమీ అంటుకోకూడదు. చెంచాకు బంకలా అంటుకునేది గొంతుకూ అలాగే అంటుకుంటుంది. 5వ స్థాయిలో పెద్దవారికి ముక్క వెడల్పు 4 మిల్లీమీటర్లకు మించకూడదు, అంటే సుమారుగా ఫోర్కు పళ్ల మధ్య ఉండే సందు. 6వ స్థాయి ముక్క ఒకటిన్నర సెంటీమీటర్లు దాటకూడదు. ఫోర్కుతో దాని మీద బొటనవేలి గోరు తెల్లబడేంతగా నొక్కితే అది నలిగిపోవాలి, వదిలాక మళ్లీ మునుపటి ఆకారానికి రాకూడదు.

ఈ పరీక్ష పొయ్యి మీద ఉండగా కాదు, తినేంత వేడికి చల్లారిన తర్వాత చేయండి. పిండిపదార్థం ఉన్న ఏ సూప్ అయినా చల్లారేకొద్దీ బిగుసుకుంటుంది.

బలమైన కూరగాయల సూప్

ఇది నేను అన్నిటికంటే ఎక్కువసార్లు చేసిన గిన్నె, దీని మీదే మిగిలినవన్నీ ఆధారపడతాయి కనుక కొంచెం నిదానంగా చెబుతాను. నలుగురికి సరిపడా, లేదా ఒక్కరికే నాలుగు పూటలకు, 200 గ్రాముల క్యారెట్, 200 గ్రాముల గుమ్మడికాయ, ఒక చిన్న ఉల్లిపాయ, 50 గ్రాముల తొక్క తీసిన పప్పు, రెండు టేబుల్ స్పూన్ల బియ్యం, ముప్పావు లీటరు నీరు తీసుకోండి. పప్పు మాంసకృత్తులనిస్తుంది, బియ్యం చిక్కదనాన్నిస్తుంది. ఈ రెండూ లేని కూరగాయల సూప్ రంగు నీరే.

అడుగు మందంగా ఉన్న గిన్నెలో ఒక టేబుల్ స్పూను నూనె వేసి, సన్నగా తరిగిన ఉల్లిపాయను రంగు మారకుండా సన్న సెగ మీద పది నిమిషాలు మగ్గించండి. ఉల్లిపాయ వేగి గోధుమరంగుకు తిరిగితే దాని అంచులు గట్టిపడి, మిక్సీలో వేసినా సన్నని పలుకులుగా మిగిలిపోతాయి. కడిగిన పప్పు, బియ్యం, కూరగాయ ముక్కలు వేసి నీరు పోసి, మరిగిన తర్వాత మూత పెట్టి 30 నుంచి 40 నిమిషాలు ఉడకనివ్వండి. టమాటా గానీ మరే పులుపు గానీ ఈ దశలో వేయకండి, పులుపు తగిలితే కూరగాయల కణాలను అతికించి ఉంచే పెక్టిన్ కరగడం మందగించి ముక్క ఎంతసేపటికీ మెత్తబడదు. నోరు పూయనివారికి పులుపు కావాలంటే చివరలో కలపవచ్చు.

క్యారెట్ ముక్కను గిన్నె అంచుకు ఆనించి గరిటె వెనుకభాగంతో నొక్కండి. ఏ ప్రతిఘటనా లేకుండా పేస్టులా జారిపోతే ఉడికినట్టు. మధ్యలో చిన్న గట్టి పలుకు తగిలినా ఇంకో పది నిమిషాలు ఉంచండి, మిక్సీ ఆ పలుకును ముక్కలు చేస్తుందే గాని మెత్తబరచదు.

పొయ్యి ఆపి పది పదిహేను నిమిషాలు చల్లారనిచ్చిన తర్వాతే మిక్సీలో వేయండి. వేడి ద్రవాన్ని జార్ నిండా పోసి మూత బిగిస్తే ఆవిరి ఒత్తిడికి మూత ఎగిరిపడి చేతులు కాలతాయి, కాబట్టి జార్‌ను సగం వరకే నింపి, మూత మధ్యలో తీసే బిరడా ఉంటే దాన్ని తీసి, పైన మడత పెట్టిన గుడ్డ కప్పి, తక్కువ వేగంతో మొదలుపెట్టండి. రెండు నిమిషాలు తిరగనిచ్చి, సన్న జల్లెడలో పోసి గరిటెతో గుండ్రంగా రుద్దుతూ దించండి. ఇక్కడే నేను మొదట్లో తప్పు చేశాను. జల్లెడలోంచి దానంతట అది కారినది మాత్రమే తీసుకుని మిగతాది పారేయకూడదు. గట్టిగా రుద్ది దించాలి, జల్లెడ అడుగున అంటుకున్న మెత్తని పొరను కూడా గీకి కలుపుకోవాలి. పైన మిగలవలసింది తొక్కలూ పీచూ కలిసిన ఒక చెంచాడు మాత్రమే.

దించినదాన్ని మళ్లీ గిన్నెలో పోసి 150 మిల్లీలీటర్ల పాలు, ఒక టేబుల్ స్పూను వెన్న, తగినంత ఉప్పు వేసి వేడిచేయండి. పలుచన చేయాల్సి వస్తే నీటికి బదులు పాలు పోయండి. పలుచగా ఉండి చిక్కబడాల్సి వస్తే ఒక టీస్పూను కార్న్‌ఫ్లోర్‌ను చల్లని నీటిలో కరిగించి, కలుపుతూ పోసి రెండు నిమిషాలు మరిగించండి. పొడిగా వేస్తే ఉండలు కడుతుంది, ఆ ఉండే గొంతులో అడ్డుపడవచ్చు.

బంగాళాదుంపను మాత్రం మిక్సీలో వేయకండి. దాని కణాలు పగిలి పిండిపదార్థం బయటపడి, నిమిషంలో జిగురులా సాగుతుంది. ఉడికించి, వేడిగా ఉండగానే మెదిపి, జల్లెడలో రుద్ది సూప్‌లో కలపండి. బఠానీ, మొక్కజొన్న, చిక్కుడు వంటివాటికి తొక్క ఉంటుంది కాబట్టి జల్లెడ పట్టకుండా వాటిని వాడవద్దు.

చికెన్ సూప్‌లో బలం ఎక్కడుంటుంది

అర కిలో ఎముకతో ఉన్న కోడి తొడ ముక్కలను లీటరుంపావు నీటిలో సన్న సెగ మీద గంటసేపు ఉడికిస్తే, కండరాలను పట్టి ఉంచే కొల్లాజెన్ కరిగి జెలటిన్‌గా మారి సూప్‌కు నున్నదనం వస్తుంది. అయితే మాంసకృత్తులు చాలావరకు మాంసంలోనే ఉండిపోతాయి కాబట్టి సూప్ తాగించి మాంసం ఇంటిల్లిపాదీ తినడం వల్ల రోగికి ఒరిగేది తక్కువ. మాంసాన్ని ఎముకల నుంచి విడదీసి, చిన్న ఎముకా మెత్తని ఎముకా ఏదీ మిగలకుండా వేళ్లతో తడిమి చూసి, కొంచెం సూప్ పోస్తూ మిక్సీలో మెత్తగా రుబ్బండి. ఉత్త మాంసం ఎంత రుబ్బినా ఇసుకలా గరుకుగా ఉంటుంది, అరకప్పు మెత్తగా ఉడికిన అన్నం కలిపి రుబ్బితే ఆ గరుకుదనం పోతుంది. తొడ మాంసాన్నే ఎందుకు చెప్పానంటే, రొమ్ము మాంసం ఎక్కువసేపు ఉడికితే పొడిబారి నారలుగా విడిపోతుంది.

అన్నం జావ, గుడ్డు

వంద గ్రాముల బియ్యాన్ని లీటరు నీటిలో గంటసేపు, అడుగంటకుండా కలుపుతూ ఉడికిస్తే గింజ విచ్చుకుని జావ అవుతుంది. ఒక గుడ్డును బాగా గిలక్కొట్టి, మరుగుతున్న జావలో సన్నని ధారగా పోస్తూ కలిపి, మరో రెండు మూడు నిమిషాలు ఉడికించండి. ఆ గుడ్డుతో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు చేరతాయి. చికిత్స వల్ల రోగనిరోధక శక్తి తగ్గినవారికి గుడ్డును సగం ఉడికిన స్థితిలో ఎప్పుడూ ఇవ్వకండి. ద్రవమూ గింజా విడివిడిగా ఉండే జావ, మింగుడు సమస్య ఉన్నవారికి తగదు; నీరు ముందు జారిపోతుంది, గింజ వెనకబడుతుంది. వారికి అంతా ఒకే చిక్కదనం వచ్చేలా రుబ్బి ఇవ్వాలి.

జావ విషయంలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. లాలాజలంలో ఉండే అమైలేజ్ అనే ఎంజైము పిండిపదార్థాన్ని విడగొడుతుంది, కనుక నోట్లో పెట్టిన చెంచానే మళ్లీ గిన్నెలో ముంచుతూ పోతే పావుగంటలో చిక్కని జావ అంచుల దగ్గర నీరులా విడిపోతుంది. చిక్కదనం తప్పనిసరి అయినవారికి గిన్నెలోంచి తీసే చెంచా వేరు, నోటికి అందించే చెంచా వేరు ఉండాలి, లేదా కొద్దికొద్దిగా వేరే గిన్నెలోకి తీసి పెట్టాలి.

నోరు పూసినవారికి గుడ్డు కస్టర్డ్ చాలా హాయినిస్తుంది. రెండు గుడ్లను నురగ రాకుండా కలిపి, 200 మిల్లీలీటర్ల గోరువెచ్చని పాలు పోసి, వడగట్టి, చిన్న గిన్నెల్లో పోయండి. మూత మీద చేరిన ఆవిరి బొట్లు పడకుండా గిన్నెలను కప్పి, సన్నని ఆవిరి మీద పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు ఉంచండి. గిన్నెను కదిపితే మధ్యభాగం జెల్లీలా వణకాలి. సెగ ఎక్కువైతే కస్టర్డ్ నిండా చిల్లులు పడి నీరు ఊరుతుంది.

కొద్ది తిండిలో ఎక్కువ బలం

రోజుకు మూడు పెద్ద గిన్నెల కంటే రెండు మూడు గంటలకొకసారి ఆరు చిన్న గిన్నెలు లోపలికి సులువుగా వెళతాయి. ఒక టేబుల్ స్పూను నూనె లేదా కరిగిన వెన్న కలిపితే పరిమాణం పెరగకుండానే సుమారు వంద కిలోక్యాలరీలు చేరతాయి. సుమారు 600 మిల్లీలీటర్ల పాలలో నాలుగు టేబుల్ స్పూన్ల పాలపొడి కలిపి ఫ్రిజ్‌లో ఉంచుకుని, సూప్‌కూ జావకూ కస్టర్డ్‌కూ మామూలు పాలకు బదులు అవే వాడండి. మధుమేహం, మూత్రపిండాల జబ్బు ఉన్నవారి విషయంలో పాలు, పప్పు, ఉప్పు ఎంతవరకు వాడవచ్చో వైద్యులను అడిగి తేల్చుకోండి. వారానికొకసారి ఒకే వేళకు బరువు చూసి రాయండి. నెలలో ఒంటి బరువులో 5 శాతం తగ్గితే ఇంటి వంట ఒక్కటే సరిపోవడం లేదని అర్థం, వెంటనే వైద్యులతో మాట్లాడండి.

తినిపించేటప్పుడు

వీపు నిటారుగా, పాదాలు నేలకు ఆనేలా కూర్చోబెట్టండి; పడుకున్న మనిషికి గానీ నిద్రమత్తులో ఉన్న మనిషికి గానీ ఏమీ పెట్టకండి. మీరు ఎదురుగా, వారి కళ్లకు సమానమైన ఎత్తులో కూర్చోండి. నిలబడి తినిపిస్తే వారు తల పైకెత్తి నోరు తెరుస్తారు, అలా మెడ వెనక్కి వాలినప్పుడు గొంతులో ద్రవం దారి తప్పడం సులువవుతుంది. టీస్పూనుతో సగం మాత్రమే నింపి పెట్టి, గొంతు ముడి పైకి లేచి దిగడం చూసిన తర్వాతే రెండో చెంచా అందించండి. గుటక వేయకముందే మాట్లాడించవద్దు. అయిపోయాక కనీసం అరగంట అలాగే కూర్చోనివ్వండి.

క్యారెట్, పప్పు, చికెన్ అన్నీ కలిపి రుబ్బితే ఏ రంగూ కాని ముద్ద తయారవుతుంది. వీలైనప్పుడు వేటికవి రుబ్బి పళ్లెంలో విడివిడిగా పెట్టండి. తింటున్నదేమిటో చూసి తెలుసుకునే హక్కు రోగికీ ఉంది. ఇక చాలంటే అక్కడే ఆపండి. బలవంతంగా కుక్కిన రెండు చెంచాలు తర్వాతి పూట పది చెంచాలను దూరం చేస్తాయని నేను ఎన్నోసార్లు చూశాను.

దాచిపెట్టడం

వండిన రెండు గంటల్లోపు, వెడల్పాటి గిన్నెల్లో పలుచగా పోసి త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. బియ్యం గానీ అన్నం గానీ కలపని కూరగాయల సూప్, చికెన్ సూప్ మూడు రోజులు నిలవ ఉంటాయి. ఉడికిన తర్వాత కూడా చావని బాక్టీరియా బీజాలు అన్నంలో ఉండి, బయట వదిలేస్తే పెరుగుతాయి కాబట్టి జావను మరునాటికి మించి ఉంచకండి. బియ్యం వేసిన సూప్‌కూ రుబ్బిన అన్నం కలిపిన చికెన్‌కూ ఇదే వర్తిస్తుంది, నిలవ చేయాలంటే వాటిని ఆ రోజే ఫ్రీజర్‌లో పెట్టండి. ఐస్ ట్రేలలో పోసి గడ్డకట్టించి, ఆ గడ్డలను సంచిలోకి మార్చి తేదీ రాసి పెట్టుకుంటే రెండు నెలల వరకు వాడుకోవచ్చు. సాధారణంగా ఒక్కో గడ్డ రెండు టేబుల్ స్పూన్లు ఉంటుంది. అర్ధరాత్రి ఆకలి అన్న మనిషికి మూడు గడ్డలు కరిగించి ఇవ్వడం, మళ్లీ పొయ్యి మీద వంట మొదలుపెట్టడం కంటే ఎంతో తేలిక.

వేడిచేసేటప్పుడు పొగలు కక్కేలా పూర్తిగా మరిగించి, తర్వాత చల్లార్చండి; ఒకసారి వేడిచేసినదాన్ని మళ్లీ దాచకండి. గడ్డకట్టి కరిగిన సూప్ కొన్నిసార్లు నీరుగా విడిపోతుంది, అప్పుడు మరోసారి మిక్సీలో తిప్పి, ఫోర్కుతో చిక్కదనం చూసి, మణికట్టు మీద ఒక బొట్టు వేసుకుని వేడి తెలుసుకున్నాకే చెంచా అందించండి.